ఫైరింజన్ మీద ఎంతమంది? న్యూయార్క్‌లో మూతపడిన ఫైర్ కంపెనీల లెక్క

ఒక ఫైరింజన్ మీద ఒకే ఒక్క సీటు రాత్రింబవళ్లు, పండగలూ ఆదివారాలూ సహా, ఏడాది పొడవునా ఖాళీ లేకుండా ఉండాలంటే ఎంతమందిని ఉద్యోగంలోకి తీసుకోవాలి? వారానికి 168 గంటలు. ఒక్కొక్కరు వారానికి 42 గంటలు పనిచేస్తే నలుగురు కావాలి. అమెరికా తూర్పు తీరంలోని చాలా నగరాల్లో లెక్క ఇలాగే మొదలవుతుంది. కానీ ఆ నలుగురికీ సెలవులుంటాయి, జ్వరాలొస్తాయి, డ్యూటీలో దెబ్బలు తగులుతాయి, ట్రైనింగ్‌కి వెళ్లాల్సి వస్తుంది. అవన్నీ కలిపితే ఒక్క సీటుకి ఐదుగురు తేలతారు. ఇంజన్ మీద ఐదు సీట్లుంటే పాతిక మంది.

మేయర్ల కన్ను ఫైర్ కంపెనీల మీద పడటానికి ఈ పాతిక మందే కారణం. ఒక్క కంపెనీ మూసేస్తే పాతిక జీతాలు, పాతిక పెన్షన్లు, ఒక బండి నిర్వహణ ఖర్చు ఒకే సంతకంతో తగ్గిపోతాయి. ఆదా ఆ ఏడాది బడ్జెట్లోనే కనిపిస్తుంది. నష్టం మాత్రం ఎప్పుడు, ఏ వీధిలో, ఎవరింట్లో బయటపడుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. న్యూయార్క్ నగరం 1970ల్లో పదుల సంఖ్యలో కంపెనీలను మూసింది. 2003లో ఒకేసారి ఆరింటిని మూసింది. మళ్లీ తెరవండి అని అడిగే గొంతులు అప్పట్నుంచీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆ డిమాండ్‌లో న్యాయం ఎంతో తేల్చాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. లెక్కపెట్టాల్సింది భవనాలనా, నిమిషాలనా, మనుషులనా?

'కంపెనీ' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మన దగ్గర ఫైర్ స్టేషన్ అంటేనే లెక్క. అమెరికా నగరాల్లో మాత్రం ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని కంపెనీల్లో కొలుస్తారు. ఒక బండి, దాని ఆఫీసరు, దాని సిబ్బంది కలిస్తే ఒక కంపెనీ. ఇంజన్ కంపెనీ దగ్గర పంపు, గొట్టాలు, నీళ్లు ఉంటాయి. లాడర్ కంపెనీ దగ్గర నిచ్చెనలు, గొడ్డళ్లు, తలుపులు పగలగొట్టే సామాను ఉంటాయి. ఇంజన్ వాళ్లు మంట మీద నీళ్లు కొడతారు. లాడర్ వాళ్లు లోపల చిక్కుకున్నవాళ్లను వెతికి బయటికి తెస్తారు, పొగ పోవడానికి కిటికీలు గానీ పైకప్పు గానీ తెరుస్తారు. న్యూయార్క్‌లో లాడర్ బండికి పంపు ఉండదు, నీళ్ల ట్యాంకూ ఉండదు. ఒకే భవనంలో ఇంజన్, లాడర్ రెండూ ఉండొచ్చు. వాటిలో ఒకటి మూసినా రెండోదాని కోసం తలుపులు తెరిచే ఉంటాయి. రోజూ ఆ దారిన వెళ్లేవాళ్లకు ఏదో తగ్గిందన్న అనుమానం కూడా రాదు.

మనుషుల సంఖ్య మీద తగువు ఈ వృత్తి అంత పాతది. చేతి పంపుల కాలంలో ఒక్కో పంపును కొట్టడానికి ఇరవై ముప్పై మంది కావాలి. అంతమందికి జీతాలిచ్చే స్తోమత ఏ నగరానికీ లేదు కాబట్టి వలంటీర్లే ఆ పని చేశారు. 1853 ఏప్రిల్ 1న సిన్సినాటి నగరం ఆవిరి పంపును నమ్ముకుని జీతాల మీద పనిచేసే ఫైర్ డిపార్ట్‌మెంట్‌ని మొదలుపెట్టింది. న్యూయార్క్‌లో 1865లో వలంటీర్లను పక్కనబెట్టి జీతం సిబ్బందిని పెట్టారు. పంపు కొట్టే పనిని ఆవిరి తీసేసుకుంది. కానీ గొట్టం మోసే పని, మెట్లెక్కే పని, మనుషులను మోసుకొచ్చే పని ఏ యంత్రమూ తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోలేదు. న్యూయార్క్‌లో ఫైరింజన్ లాగే చివరి గుర్రాలు 1922 డిసెంబరులో వెళ్లిపోయాయి. మోటారు బండ్లు దూరాన్ని తగ్గించాయి. మెట్లు మాత్రం మెట్లుగానే ఉన్నాయి.

ఆ తొలి తరం ఉద్యోగులకు షిఫ్టులనేవి లేవు. స్టేషనే ఇల్లు. భోజనానికి కాసేపు ఇంటికి వెళ్లిరావడం, కొన్ని రోజులకోసారి ఒక రోజు సెలవు, అంతే. అదే మనిషి రాత్రీ పగలూ అదే సీట్లో ఉంటాడు కాబట్టి నగరానికి తక్కువ జీతాలతో బండి నిండేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో రెండు బృందాలు వంతులవారీగా పనిచేసే పద్ధతి కోసం ఫైర్‌మెన్ పోరాడారు. అమెరికా, కెనడా ఫైర్ సిబ్బంది యూనియన్ 1918లో ఏర్పడినప్పుడు పని గంటలే పెద్ద సమస్య. 1985లో సుప్రీంకోర్టు తీర్పుతో కనీస వేతనం, ఓవర్‌టైమ్ చట్టం నగర ఉద్యోగులకూ వర్తించింది. ఫైర్ సిబ్బందికి సగటున వారానికి 53 గంటలు దాటితే ఓవర్‌టైమ్ ఇవ్వాల్సి వచ్చింది. గంటలు తగ్గిన ప్రతిసారీ నగరాల ముందు రెండే దారులు కనిపించాయి: కొత్తవాళ్లను తీసుకోవడం, లేదంటే బండి మీద సీట్లు తగ్గించడం. సీట్లు తగ్గించడం సులువు. బండి అదే, సైరన్ అదే, రంగు అదే. లోపల ఎంతమంది కూర్చున్నారో రోడ్డు మీద నిలబడ్డవాళ్లు లెక్కపెట్టరు.

ఇక 1970ల సంగతి. అంతకుముందు పదేళ్లలో న్యూయార్క్‌లో ఫైర్ కాల్స్ రెట్టింపుకు మించి పెరిగాయి. దక్షిణ బ్రాంక్స్, బ్రౌన్స్‌విల్, బుష్‌విక్ లాంటి పేటల్లో ఒకే ఇంజన్ రాత్రంతా తిరిగి స్టేషన్ ముఖం చూడని రోజులుండేవి. తప్పుడు అలారాలు కూడా విపరీతం. ఏం చేయాలో తోచక మేయర్ జాన్ లిండ్సే ప్రభుత్వం రక్షణ రంగంలో గణిత నమూనాలకు పేరుమోసిన ర్యాండ్ సంస్థను పిలిచింది. 1969లో ర్యాండ్ న్యూయార్క్ నగరం కోసమే ఒక ఇన్‌స్టిట్యూట్ పెట్టింది. ఫైర్ చీఫ్ జాన్ ఒహేగన్ ఆ పరిశోధకులకు తలుపులు బార్లా తెరిచారు.

వాళ్లు చేసిన పనిలో మంచి చాలా ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. ఒక పేటలోని బండ్లన్నీ పెద్ద మంట దగ్గరికి వెళ్లిపోతే దూరపు బండ్లను ముందే అక్కడికి జరిపి ఉంచడానికి వాళ్లు రాసిన పద్ధతి గొప్పది. ఒత్తిడి ఎక్కువున్న కంపెనీలకు ఊపిరాడేలా చేయడం కూడా వాళ్ల ఉద్దేశాల్లో ఒకటి. అదే పరిశోధనలో పీటర్ కొలెసార్, ఎడ్వర్డ్ బ్లమ్ 1973లో ఒక సూత్రం ప్రచురించారు. ఒక ప్రాంతం విస్తీర్ణాన్ని అక్కడ ఖాళీగా ఉన్న కంపెనీల సంఖ్యతో భాగించి వర్గమూలం తీస్తే, బండి సగటున వెళ్లాల్సిన దూరం ఆ సంఖ్యకు అనుగుణంగా ఉంటుందని. సూత్రం సరైనదే, దాన్ని ఎలా వాడారన్నదే ప్రశ్న.

చిన్న లెక్క వేసి చూస్తే విషయం తెలుస్తుంది. ఒక పేటలో తొమ్మిది ఇంజన్ కంపెనీలున్నాయనుకుందాం. ఒకటి మూసేస్తే ఎనిమిది. తొమ్మిదిని ఎనిమిదితో భాగించి వర్గమూలం తీస్తే సుమారు 1.06. అంటే సగటు దూరం ఆరు శాతమే పెరిగింది. కాగితం మీద చూస్తే ఇది దాదాపు ఏమీ కానట్టే. కంపెనీలు దగ్గరదగ్గరగా ఉన్న చోట ఒకటి తీసేస్తే సగటు పెద్దగా కదలదు. మరి కంపెనీలు దగ్గరదగ్గరగా ఉన్నది ఎక్కడ? మంటలు ఎక్కువ, ఇళ్లు కిక్కిరిసిన పేద పేటల్లో. లెక్క వేలు పెట్టి చూపించింది సరిగ్గా ఆ పేటలనే.

ఇప్పుడు అదే సూత్రాన్ని ఒక చెడ్డ రాత్రికి వర్తింపజేద్దాం. తొమ్మిదింటిలో ఐదు బండ్లు వేరే మంటల దగ్గరున్నాయి. ఖాళీగా ఉన్నవి నాలుగు. సగటు దూరం అప్పటికే మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు. ముందే ఒక కంపెనీని మూసి ఉంటే మిగిలేవి మూడే, దూరం 1.73 రెట్లు. పగటిపూట ఆరు శాతంగా కనిపించిన తేడా ఆ రాత్రి పదిహేను శాతం దాటింది. మూసేసిన స్టేషన్ ఎదురింటివాళ్లకైతే ఈ సగటుతో పనే లేదు. నిన్న అరనిమిషంలో వచ్చే బండి ఇవాళ మూడు నిమిషాల దూరంలో ఉంటుంది. సగటు అనేది పేట మొత్తానిది, మంట ఒక ఇంటిది. అప్పటి విమర్శకులు ఎత్తిచూపిన లోపం కూడా ఇదే. బండ్లు ఎప్పుడూ స్టేషన్లోనే సిద్ధంగా ఉంటాయన్నట్టు లెక్కలు వేశారని, బండి చేరే సమయం ఒక్కదాన్నే మొత్తం రక్షణకు కొలతగా తీసుకున్నారని వాళ్లు అన్నారు.

ఇక్కడ గణితం పక్కన రాజకీయం కూడా కూర్చుంది. 1970 జనవరిలో అధ్యక్షుడు నిక్సన్‌కి సలహాదారు డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ ఒక మెమో రాశారు. నల్లజాతివారి సమస్య గురించి కొంతకాలం మాట్లాడకుండా వదిలేస్తే మేలన్న సలహాతో పేరుకెక్కిన మెమో అది. మురికివాడల్లో మంటలు పెరగడాన్ని ఆయన అందులో ఒక సామాజిక రుగ్మతగా చూపించారు. మంటలు రోగ లక్షణమని ఒకసారి అనుకున్నాక ఫైరింజన్ పంపడం కన్నా వదిలేయడమే తెలివిగా కనిపిస్తుంది. 1976లో న్యూయార్క్ గృహనిర్మాణ అధికారి రోజర్ స్టార్ ఆ దారిలోనే ఇంకో అడుగు వేశారు. ఖాళీ అవుతున్న పేటల నుంచి ప్రభుత్వ సేవలను ఒక ప్రణాళిక ప్రకారం వెనక్కి తీసుకోవాలని బహిరంగంగానే చెప్పారు.

1970 నుంచి 1980 మధ్య బ్రాంక్స్‌లో ఏడు సెన్సస్ ట్రాక్టులు (జనగణన కోసం విడదీసిన ప్రాంతాలు) తమ భవనాల్లో 97 శాతానికి పైగా పోగొట్టుకున్నాయి. 44 ట్రాక్టుల్లో సగానికి పైగా భవనాలు కాలిపోవడమో పాడుబడి వదిలేయడమో జరిగింది. దీనికంతటికీ ఫైర్ కంపెనీల మూసివేతే కారణమంటే నిజం కాదు. ఆ పేటలకు బ్యాంకులు అప్పులివ్వడం మానేశాయి, ఇన్సూరెన్స్ డబ్బుల కోసం కొందరు యజమానులే ఇళ్లు తగలబెట్టించారు, ఉద్యోగాలు పోయాయి, హైవేల కోసం పేటలను నిలువునా చీల్చారు. కానీ ఆ కారణాలన్నీ ఉన్న చోటనే బండ్లను తగ్గించారన్నది కూడా నిజమే. మంట మొదలవడానికి వంద కారణాలుంటాయి. ఒక గదిలో మొదలైన మంట ఆ గదిలోనే ఆగుతుందా, పక్క భవనానికి పాకుతుందా అన్నది మాత్రం మొదటి నీళ్లు ఎప్పుడు పడ్డాయన్న దాన్ని బట్టే ఉంటుంది.

1975లో న్యూయార్క్ దివాలా అంచుకు చేరింది. పోలీసులను, ఫైర్ సిబ్బందిని వేల సంఖ్యలో తీసేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆ జూన్‌లో యూనియన్లు 'ఫియర్ సిటీ' పేరుతో ఒక కరపత్రం అచ్చువేసి టూరిస్టులకు పంచాయి. హోటళ్లలో మంటలొస్తుంటాయి, ఆర్పడానికి రావాల్సిన కొన్ని ఫైర్ కంపెనీలను బడ్జెట్ కోసం మూసేశారు, జాగ్రత్త అని అందులో హెచ్చరించాయి.

ఆ ఏడాది నవంబరు 22న జరిగింది మాత్రం యూనియన్ పని కాదు. బ్రూక్లిన్‌లో విలియమ్స్‌బర్గ్ ఉత్తర భాగం, వైత్ అవెన్యూ. పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట. పక్కపక్కనే ఆనుకుని కట్టిన చెక్క ఇళ్లు, వాటి మధ్య గోదాములు, ఫ్యాక్టరీలు. ఒక ఇంటికి అంటుకుంటే వరసంతా పోతుందని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అక్కడి ఇంజన్ 212ని మూసి బండిని తీసుకెళ్లడానికి నగరం సిద్ధపడింది. ఆ వార్త తెలిసి చుట్టుపక్కల జనం స్టేషన్లోకి చొరబడ్డారు. బండిని కదలనివ్వలేదు. సిబ్బందిని తర్వాత వెళ్లనిచ్చారు కానీ బండిని మాత్రం వదల్లేదు. ఆ రోజు మొదలు కుటుంబాలు వంతులు వేసుకుని స్టేషన్లోనే పడుకున్నాయి. పగలు ఒకరు, రాత్రి ఒకరు, పిల్లాపాపలతో సహా. ఆడమ్ వెనెస్కీ అనే స్థానికుడు ముందుండి నడిపించారు. ఓ రోజు బ్రూక్లిన్-క్వీన్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీదకెళ్లి రాకపోకలు ఆపేశారు. తలుపు మీద 'పీపుల్స్ ఫైర్‌హౌస్' అన్న పేరు వెలిసింది.

ఒకటి రెండు రోజులు కాదు, పదహారు నెలల పైచిలుకు. రెండు చలికాలాలు. 1977లో నగరం దిగొచ్చి కొంత సేవను తిరిగి మొదలుపెట్టింది, ఆ తర్వాత ఇంజన్ కంపెనీ పూర్తిగా వెనక్కి వచ్చింది. నగరం మూసేసిన ఫైర్ కంపెనీని జనం పట్టుబట్టి తెరిపించిన సందర్భాల్లో దీనికి సాటి వచ్చేది దొరకడం కష్టం. వాళ్ల దగ్గర వర్గమూలాల సూత్రాలేమీ లేవు. తమ వీధిలో ఇల్లు ఎంత త్వరగా అంటుకుంటుందో, స్టేషన్ ఎన్ని అడుగుల దూరంలో ఉందో వాళ్లకు తెలుసు.

పాతికేళ్లు గడిచాయి. 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ 343 మందిని కోల్పోయింది. ఇరవై నెలలు తిరిగేసరికి, 2003 మే 25న మేయర్ మైకేల్ బ్లూమ్‌బర్గ్ ప్రభుత్వం ఆరు ఇంజన్ కంపెనీలను మూసేసింది. హార్లెంలో 36, బ్రూక్లిన్‌లో 204, 209, 212, 278, క్వీన్స్‌లో 261. అవును, ఆ 212 కూడా అందులో ఉంది. జనం మళ్లీ వీధిలోకొచ్చారు, అరెస్టయ్యారు. ఈసారి తలుపులు తెరుచుకోలేదు.

నగరం వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1970ల్లో న్యూయార్క్‌లో మంటల్లో ఏటా 250 మందికి పైగా చనిపోయేవారు. 2003 తర్వాత చాలా ఏళ్లలో ఆ సంఖ్య వంద లోపే ఉంది. స్మోక్ అలారాలు వచ్చాయి, బిల్డింగ్ నిబంధనలు కఠినమయ్యాయి, ఇళ్లలో సిగరెట్లు తగ్గాయి. ఆరు కంపెనీలు పోయినా బండి చేరే సగటు సమయంలో పెరుగుదల సెకన్లలోనే ఉందని అధికారులు లెక్కలు చూపించారు. మరణాలు పెరగలేదు కదా అన్నారు.

అయితే ఆ సెకన్లను ఎక్కడి నుంచి లెక్కపెట్టారన్నది తర్వాత పెద్ద గొడవైంది. 2009లో కాల్స్ తీసుకునే పద్ధతి మారాక, ఫోన్ చేసిన మనిషి అత్యవసర నంబరు 911 ఆపరేటరుతో మాట్లాడిన సమయం ఫైర్ డిపార్ట్‌మెంట్ గడియారంలోకి రాలేదు. దాంతో రిపోర్టుల్లో సమయం తగ్గినట్టు కనిపించింది. ఇల్లు కాలుతున్నవాళ్ల గడియారం ఫోన్ ఎత్తిన క్షణమే మొదలవుతుంది. చివరికి 2013లో సిటీ కౌన్సిల్ చట్టం చేసి, ఫోన్ ఎత్తినప్పటి నుంచి బండి చేరేదాకా మొత్తం సమయాన్ని ప్రకటించి తీరాలని చెప్పింది. అంకెను నమ్మేముందు దాని మొదలెక్కడో అడగాలని ఈ ఒక్క వ్యవహారం చాలు చెప్పడానికి.

రెండో సంగతి ఇంకా పెద్దది. 212ని మూసిన రెండేళ్లకే, 2005లో అదే నగరం విలియమ్స్‌బర్గ్, గ్రీన్‌పాయింట్ నదీతీరంలో భూవినియోగ నిబంధనలు మార్చింది. గోదాములున్న చోట ముప్పై, నలభై అంతస్తుల టవర్లకు అనుమతి దొరికింది. 261 ఉన్న లాంగ్ ఐలాండ్ సిటీలోనూ అదే దృశ్యం. ఖాళీ స్థలాలు పోయి ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు లేచాయి. జనం పెరిగారు, అంతస్తులు పెరిగాయి, ఇంజన్ తగ్గింది. 2003 నాటి లెక్క 2003 నాటి జనాభాకు సరిపోయిందే అనుకుందాం. ఆ లెక్కను తిరిగి చూడాల్సిన రోజు 2005లోనే వచ్చింది. మూసేటప్పుడు ఉన్న తొందర తిరిగి చూసేటప్పుడు లేకపోవడమే ఈ మొత్తం వ్యవహారంలో బాధపెట్టే విషయం. పైగా 1990ల నుంచి ఇంజన్ కంపెనీలు గుండెపోటు, శ్వాస ఆగడం లాంటి మెడికల్ కాల్స్‌కి కూడా మొదట వెళ్తున్నాయి. మంటలు తగ్గాయి కాబట్టి పని తగ్గిందనడం సగం నిజమే.

మనుషుల లెక్కలో ఇదంతా ఎలా పడుతుందో తెలియాలంటే నాలుగో అంతస్తులో మంటను ఒకసారి దగ్గర నుంచి చూడాలి. ఇంజన్ వీధిలో నీళ్లిచ్చే హైడ్రంట్ దగ్గర ఆగుతుంది. డ్రైవరు పంపు దగ్గరే ఉండిపోవాలి, అతను లోపలికి రాడు. ఒకరు నాజిల్ పట్టుకుంటారు. వెనక నుంచి ఒకరు ఆ నాజిల్ తోపుకి ఆనుగా నిలబడతారు. మూడో మనిషి బండి దగ్గర గొట్టం ముక్కలు లెక్కచూసి కలిపి, మెలికలు తీసుకుంటూ పైకి వస్తాడు. ఆఫీసరు ముందు నడుస్తూ మంట ఎక్కడుందో వెతకాలి. ఒకటింముప్పావు అంగుళం గొట్టం యాభై అడుగుల ముక్కలో పట్టే నీళ్లే దాదాపు 24 లీటర్లు, అంటే 24 కిలోలు. రెండున్నర అంగుళాలదైతే 48 కిలోలు. అలాంటి ముక్కలు నాలుగైదు కలిపి, మెట్ల మలుపుల్లో ఇరుక్కోకుండా, కళ్లు కనిపించని పొగలో లాక్కెళ్లాలి. ప్రతి మలుపు దగ్గరా, అపార్ట్‌మెంట్ గుమ్మం దగ్గరా గొట్టం పట్టేస్తుంది. అక్కడ నిలబడి దాన్ని లోపలికి అందించే మనిషే, ఆఫీసరును వదిలేసి లెక్కపెడితే, ఐదో మనిషి. అతను లేకపోతే నాజిల్ వెనకున్న మనిషి గొట్టం వదిలి వెనక్కి రావాలి. ఆ వెళ్లిరావడంలో పోయేది ఒక నిమిషమో రెండు నిమిషాలో. కానీ గది మొత్తం ఒక్కసారిగా భగ్గుమనడానికి ఆ నిమిషమే చాలు.

2010లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ మేరీలాండ్‌లో ఒక ఇల్లు కట్టి, అరవైకి పైగా ప్రయోగాలు చేసి ఈ తేడాను కొలిచింది. మంట దగ్గర చేయాల్సిన 22 పనులను నలుగురున్న బృందాలు ఇద్దరున్న బృందాల కన్నా 30 శాతం, ముగ్గురున్న బృందాల కన్నా 25 శాతం త్వరగా పూర్తిచేశాయి. ముగ్గురి కన్నా నలుగురికి మిగిలింది ఐదు నిమిషాల పైమాటే. 1998 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నియమం ప్రకారం ప్రాణాంతకమైన పొగలోకి ఇద్దరు వెళ్తే బయట ఇద్దరు సిద్ధంగా ఉండాలి. లోపల మనిషి ఉన్నట్టు తెలిస్తే తప్ప దానికి మినహాయింపు లేదు. ముగ్గురే ఉన్న ఇంజన్ మొదట చేరితే ఇంకో బండి వచ్చేదాకా గుమ్మం బయట ఆగాల్సి రావచ్చు. ఫైర్ రంగంలో అందరూ ప్రామాణికంగా చూసే నియమావళి, ఎన్ఎఫ్‌పీఏ 1710 కూడా 2001 నుంచి ఇంజన్‌కి కనీసం నలుగురు, మొదటి ఇంజన్‌కి నాలుగు నిమిషాల ప్రయాణం అని చెబుతోంది. అది చట్టం కాదు కాబట్టి పాటించని నగరాలూ ఉన్నాయి.

న్యూయార్క్‌లో అరవై ఇంజన్లకు ఐదో ఫైర్‌మ్యాన్ ఉండేవాడు. యూనియన్‌తో ఒప్పందం ముగియగానే 2011లో నగరం ఆ సీటు తీసేసింది. అదే ఏడాది ఇరవై కంపెనీలను మూసే ప్రతిపాదన కూడా బడ్జెట్లో పెట్టింది. సిటీ కౌన్సిల్ డబ్బు సర్ది దాన్ని ఆపింది. కంపెనీల మూసివేత మీద వీధుల్లో ఊరేగింపులు జరిగాయి, పేపర్లలో ఫొటోలు వచ్చాయి. ఐదో మనిషి పోవడం గురించి జనంలో అంత చర్చే జరగలేదు. 2015 ఒప్పందంతో కొన్ని ఇంజన్లకు ఆ సీటును తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు, ఇరవై దాకా పెంచాలన్నది లక్ష్యం. అయితే ఈ సీటును సిబ్బంది మెడికల్ లీవ్ శాతానికి ముడిపెట్టడం మొదట్నుంచీ ఉన్న అలవాటు. డిపార్ట్‌మెంట్‌లో ఎక్కువమంది జబ్బుపడితే గొట్టం మోసే చేతులు తగ్గించాలనడంలో తర్కం కనిపించదు. నాలుగో అంతస్తులో అద్దెకుంటున్నవాళ్లకీ ఫైర్‌మెన్ సిక్ లీవులకీ సంబంధం ఏమిటి?

కొన్ని నగరాలు కంపెనీని పూర్తిగా మూయకుండా రోజుకో ఇంజన్‌ని వంతులవారీగా ఆపేస్తాయి. శాన్‌డియేగో 2010 ఫిబ్రవరిలో అలా ఎనిమిది ఇంజన్లను పక్కనబెట్టింది. ఆ జులైలో మీరా మెసా పేటలో రెండేళ్ల బాబు గొంతులో ఏదో ఇరుక్కుని ఊపిరాడక చనిపోయాడు. ఫైర్ స్టేషన్ ఆ ఇంటికి దగ్గర్లోనే ఉంది. కానీ ఆ స్టేషన్ ఇంజన్ అప్పటికే ఆపేసిన ఇంకో ఇంజన్ తాలూకు కాల్‌కి వెళ్లింది. తగ్గించింది ఒక చోట, లోటు బయటపడింది ఇంకో చోట. మరుసటి ఏడాది నగరం ఇంజన్లన్నింటినీ వెనక్కి తెచ్చింది. తాత్కాలికంగా ఆపినవి కాబట్టి బండ్లున్నాయి, సిబ్బంది ఉన్నారు, భవనాలున్నాయి. అందుకే ఏడాదిన్నరలో అది సాధ్యమైంది.

పూర్తిగా మూసి పదిహేను, ఇరవై ఏళ్లయినవాటి సంగతి వేరు. పాతిక మందిని కొత్తగా తీసుకోవాలి. పరీక్ష, ఆరోగ్య తనిఖీ, నాలుగు నెలల అకాడమీ, ఆ తర్వాత పాతవాళ్ల పక్కన నిలబడి నేర్చుకునే కాలం. ఈ మధ్య అమెరికాలో కొత్త ఇంజన్ ఒక్కొక్కటి పది లక్షల డాలర్ల దాకా పలుకుతోంది, ఆర్డరిచ్చాక రెండు మూడేళ్లు ఆగాల్సి వస్తోంది. గుర్రాల కాలంలో కట్టిన భవనాల్లో ఇప్పటి బండి పట్టదు. కొన్ని భవనాలను నగరం వేరే అవసరాలకు ఇచ్చేసింది. 212 ఉన్న వైత్ అవెన్యూ భవనాన్నే పేట జనం కోసం కమ్యూనిటీ సెంటర్‌గా మార్చాలని నిర్ణయించారు. పెద్ద ప్రమాదం జరిగాక ఒత్తిడికి తలొగ్గి తెరుద్దామనుకుంటే అది ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే అవుతుంది.

ఫెడరల్ ప్రభుత్వం సిబ్బంది జీతాల కోసం 'సేఫర్' పేరుతో గ్రాంట్లిస్తోంది. 2005 నుంచి ఎన్నో పట్టణాలు వాటితో ఖాళీ సీట్లు నింపుకున్నాయి. కానీ అవి కొన్నేళ్ల గ్రాంట్లు. గడువు తీరాక జీతాలు నగరమే ఇవ్వాలి. అప్పటికి ఏర్పాటు చేసుకోకపోతే తెరిచిన తలుపు మళ్లీ మూసుకోవాల్సిందే. అందుకే 'ఫలానా కంపెనీ తెరిచాం' అని మేయరు రిబ్బన్ కత్తిరించినప్పుడు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఆ బండి మీద ఎంతమంది? వాళ్ల జీతం ఎన్నేళ్ల దాకా ఖాయం? ముగ్గురితో తెరిచిన రెండు కంపెనీల కన్నా ఐదుగురితో నడిచే ఒక కంపెనీ మేలు చేసే సందర్భాలుంటాయి. దూరాలు బాగా ఉన్న చోట దానికి విరుద్ధమే నిజం కావచ్చు. పేటను బట్టి, ఇళ్ల ఎత్తును బట్టి, రాత్రి పది గంటలకు ఎన్ని బండ్లు ఖాళీగా ఉంటాయన్న దాన్ని బట్టి తేల్చాలి. నగరమంతటికీ కలిపి తీసిన సగటుతో మాత్రం తేల్చకూడదు.

లాంగ్ ఐలాండ్ సిటీలో 261 మూసేశాక ఆ భవనంలో లాడర్ 116 ఒక్కటే మిగిలింది. చుట్టూ కొత్త టవర్లు. ఆ పేటలో అలారం మోగితే తలుపు పైకి లేస్తుంది, ఎర్రబండి సైరన్ వేసుకుని బయల్దేరుతుంది, అందరికన్నా ముందే చేరుతుంది. సిబ్బంది నిచ్చెన వేస్తారు, తలుపు పగలగొడతారు, పొగలో పాకుతూ మనుషుల కోసం వెతుకుతారు. వాళ్ల చేతుల్లో గొట్టం ఉండదు. నీళ్లు ఇంకో స్టేషన్ నుంచి రావాలి.